డెబియన్‌లో ఆటోమేటిక్ అప్‌గ్రేడ్లు ఎక్కడెక్కడ ఆగిపోతాయి

డెబియన్ (ఒక లినక్స్ సిస్టమ్) సర్వర్‌లో సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. "ఆప్ట్ ఇన్‌స్టాల్ అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్" అని కొట్టి, ఆ తర్వాత "డీపీకేజీ-రీకాన్ఫిగర్ -పీలో అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్" నడిపి, అడిగినదానికి ఎస్ అంటే పని మొదలవుతుంది. ఆప్ట్ అంటే ప్యాకేజీల్ని (సాఫ్ట్‌వేర్ మూటల్ని) దించి పెట్టే సాధనం, డీపీకేజీ దాని కింద నడిచే ఇన్‌స్టాలర్, అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ మనిషి లేకుండా అప్‌డేట్లు వేసేది. ఉబుంటు సర్వర్‌లో అయితే ముందే ఆన్‌లో ఉంటుంది. (కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి, టైప్ చేసేటప్పుడు ఎప్పటిలాగే కొట్టండి.)

దీన్ని ఆన్ చేయడానికి జంకేవాళ్ల భయం ఒక్కటే: ఏ అర్ధరాత్రో ఒక అప్‌డేట్ వచ్చి సర్వర్‌ని పడగొడుతుందని. స్టేబుల్ రిలీజ్‌కి (డెబియన్ స్థిర వెర్షన్‌కి) వచ్చే సెక్యూరిటీ ప్యాచ్‌లతో అలా జరగడం అరుదు, ఎందుకంటే అక్కడ వెర్షన్ మార్చరు, ఉన్న వెర్షన్‌లోకే సవరణ మాత్రం తెచ్చి పెడతారు. అంతకంటే ఎక్కువగా జరిగేది ఇంకొకటి. అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోతాయి, మెషీన్ మామూలుగా నడుస్తూనే ఉంటుంది, ఎవరికీ తెలియదు. అందుకే ఈ పోస్ట్‌లో సెట్టింగుల కన్నా అవి ఆగిపోయే చోట్ల గురించే ఎక్కువ ఉంటుంది.

రెండు ఫైళ్లు, ఒక మూడోది

సెట్టింగులన్నీ /ఈటీసీ/ఆప్ట్/ఆప్ట్.కాన్ఫ్.డి డైరెక్టరీలో ఉంటాయి. "20ఆటో-అప్‌గ్రేడ్స్" ఫైల్ ఎన్ని రోజులకోసారి అనేది చెప్తుంది. అందులో "అప్‌డేట్-ప్యాకేజ్-లిస్ట్స్" 1, "అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్" 1 అని రెండు లైన్లు ఉంటే రోజుకోసారి అని అర్థం, 0 అంటే ఆఫ్. రెండోది 1 ఉండి మొదటిది 0 ఉంటే మెషీన్ పాత జాబితానే రోజూ చూసుకుని "ఏమీ లేవు" అనుకుంటుంది. "50అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్" ఫైల్ ఏ ప్యాకేజీలు, రీబూట్ చేయాలా, మెయిల్ ఎవరికి అనేవి చెప్తుంది.

ఈ 50వ నంబర్ ఫైల్‌ని నేరుగా ఎడిట్ చేయకండి. అది ప్యాకేజీతో పాటు వచ్చే ఫైల్. ప్యాకేజీ కొత్త వెర్షన్‌లో ఆ ఫైల్ మారితే "మీదుంచాలా, కొత్తది పెట్టాలా" అన్న ప్రశ్న వస్తుంది, రాత్రిపూట దానికి జవాబు చెప్పేవాళ్లు ఉండరు. మీ మార్పులు "52అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్-లోకల్" లాంటి కొత్త ఫైల్‌లో పెట్టండి. ఆప్ట్ ఫైళ్లని పేర్ల వరుసలో చదువుతుంది కాబట్టి మీదే ఆఖరి మాట అవుతుంది.

అయితే ఇది ఒంటి విలువలకే. జాబితాల సంగతి వేరు: తర్వాతి ఫైల్‌లో రాసింది ముందున్నదాన్ని చెరపదు, దానికి కలుస్తుంది. 50లో ఉన్న రిపాజిటరీల (ప్యాకేజీలు దిగే చోట్ల) జాబితాని కుదించాలంటే మీ ఫైల్‌లో ముందు "#క్లియర్ అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్::ఆరిజిన్స్-ప్యాటర్న్;" అని రాసి, ఆ కింద మీ జాబితా ఇవ్వాలి. ముందు హ్యాష్ గుర్తు ఉన్నా అది కామెంట్ కాదు, ఆదేశమే. బ్యాకప్ కాపీలతోనూ జాగ్రత్త. ".బ్యాక్" అని చివర తగిలిస్తే ఆప్ట్ ఆ ఫైల్‌ని పట్టించుకోదు. "50అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్-ఓల్డ్" అని పెడితే మాత్రం చక్కగా చదివేస్తుంది, మీరు తీసేశాననుకున్న లైన్లు మళ్లీ వచ్చి కూర్చుంటాయి. అన్నీ కలిపాక ఆప్ట్‌కి ఏం కనిపిస్తోందో చూడాలంటే "ఆప్ట్-కాన్ఫిగ్ డంప్" ఇచ్చి, అందులో "అన్‌అటెండెడ్" అన్న పదం కోసం గ్రెప్‌తో వెతకండి. ఫైళ్లు తెరిచి చదువుతూ కూర్చోవడం కన్నా ఇదే నమ్మకం.

ఏ రిపాజిటరీ నుంచి

ఎక్కువ చోట్ల మొదటి తేడా ఇక్కడే వస్తుంది. డెబియన్‌లో ఉండే ఆరిజిన్స్-ప్యాటర్న్‌లో ఒక్కో లైన్ ఒక్కో షరతుల మూట: ఆరిజిన్ (విడుదల చేసేది ఎవరు) ఇది, కోడ్‌నేమ్ (వెర్షన్ మారుపేరు) ఇది, లేబుల్ ఇది. ఒక లైన్‌లో ఉన్న షరతులన్నీ కుదిరితేనే ప్యాకేజీ లోపలికి వస్తుంది. ఏ లైన్‌కీ తగలని రిపాజిటరీ నుంచి ఏదీ పడదు. అంటే మీరు విడిగా జోడించుకున్న డేటాబేస్ రిపాజిటరీ, డాకర్ (కంటైనర్లు నడిపే సాఫ్ట్‌వేర్) రిపాజిటరీ, నోడ్ రిపాజిటరీ ఏవీ డిఫాల్ట్‌గా అప్‌డేట్ కావు. ఆన్ చేశాం కదా, అన్నీ వస్తున్నాయిలే అనుకోవడం తప్పు.

వాటిని కూడా కలపాలంటే "ఆప్ట్-క్యాష్ పాలసీ" కొట్టండి. ప్రతి రిపాజిటరీ కింద "రిలీజ్" అని మొదలయ్యే లైన్‌లో ఓ, ఏ, ఎన్, ఎల్ అనే అక్షరాలకి విలువలు కనిపిస్తాయి. ఓ అంటే ఆరిజిన్, ఏ అంటే సూట్ (స్టేబుల్ లాంటి విడుదల శాఖ), ఎన్ అంటే కోడ్‌నేమ్, ఎల్ అంటే లేబుల్. అక్కడ ఏముందో అక్షరం పొల్లుపోకుండా మీ లైన్‌లో రాయాలి. కొందరు రిపాజిటరీ నడిపేవాళ్లు ఈ వివరాలు ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు "సైట్=" అని పెట్టి హోస్ట్ పేరు ఇస్తే సరిపోతుంది. బయటి రిపాజిటరీలన్నిటినీ ఇలా కలిపేయమని మాత్రం చెప్పను. డెబియన్ సెక్యూరిటీ లాగా అవి పాత వెర్షన్‌కే ప్యాచ్ వేస్తాయన్న భరోసా ఉండదు, ఏకంగా తర్వాతి పెద్ద వెర్షన్ దిగొచ్చు.

కోడ్‌నేమ్ దగ్గర ఇంకో సంగతి. డెబియన్ 10 (బస్టర్) వరకు సెక్యూరిటీ సూట్ పేరు "బస్టర్/అప్‌డేట్స్" తీరులో ఉండేది. 11 (బుల్స్‌ఐ) నుంచి "బుల్స్‌ఐ-సెక్యూరిటీ" తీరుకు మారింది. అందుకే ఇప్పటి డిఫాల్ట్ ఫైల్‌లో సెక్యూరిటీకి రెండు లైన్లు కనిపిస్తాయి. పాత సర్వర్‌ని వెర్షన్ తర్వాత వెర్షన్ పెంచుకుంటూ వచ్చి, 50వ నంబర్ ఫైల్ పాతదే ఉంచుకున్నవాళ్ల దగ్గర ఆ రెండో లైన్ ఉండకపోవచ్చు. ఒకసారి చూసుకోండి.

వద్దనుకున్న ప్యాకేజీలకు "ప్యాకేజ్-బ్లాక్‌లిస్ట్" ఉంది. అందులో రాసేవి పైథాన్ రెగెక్స్‌లు (పేర్లని పోల్చే నమూనాలు), పేరు మొదటి నుంచి పోలుస్తాయి. "లిబ్‌సీ6" అని రాస్తే ఆ పేరుతో మొదలయ్యే డెవలప్‌మెంట్ ప్యాకేజీలు కూడా ఆగిపోతాయి. అదొక్కటే ఆగాలంటే చివర డాలర్ గుర్తు పెట్టాలి. పేరులో ప్లస్ గుర్తులుంటే వాటి ముందు బ్యాక్‌స్లాష్ తప్పనిసరి. డేటాబేస్ సర్వర్, డాకర్ ఇంజిన్ లాంటివి ఈ జాబితాలో పెట్టడం సబబే, ఎందుకంటే అప్‌గ్రేడ్ అవుతూ సర్వీస్ రీస్టార్ట్ అవుతుంది, కనెక్షన్లు తెగిపోతాయి. డాకర్ విషయంలో "లైవ్-రీస్టోర్" ఆన్‌లో లేకపోతే కంటైనర్లు కూడా ఆగుతాయి. కానీ ఇక్కడ పెట్టిన ప్రతి పేరునూ ఎవరో ఒకరు చేత్తో అప్‌డేట్ చేయాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది తేలకపోతే అక్కడ పెట్టకండి.

రాసింది పనిచేస్తుందో లేదో అప్పటికప్పుడే చూడొచ్చు: "అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్ --డ్రై-రన్ --డీబగ్". పేరు చివర ఎస్ ఉన్నా లేకపోయినా పలుకుతుంది. మొదటి లైన్లలోనే అనుమతించిన ఆరిజిన్లు ఏవో చూపిస్తుంది, తర్వాత ఒక్కో ప్యాకేజీని తీసుకుని ఎందుకు వదిలేసిందో చెప్తుంది.

ఎప్పుడు నడుస్తుంది

పనికి రెండు సిస్టమ్‌డీ టైమర్లు (లినక్స్‌లో సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ పెట్టే అలారాలు) ఉన్నాయి, చాలామంది ఒక్కటే అనుకుంటారు. "ఆప్ట్-డైలీ.టైమర్" ప్యాకేజీల జాబితా తెస్తుంది. అది ఉదయం 6కి, సాయంత్రం 6కి, దాని మీద 12 గంటల దాకా యాదృచ్ఛిక ఆలస్యంతో నడుస్తుంది. "ఆప్ట్-డైలీ-అప్‌గ్రేడ్.టైమర్" ఇన్‌స్టాల్ చేస్తుంది. అది ఉదయం 6కి, ఒక గంట దాకా ఆలస్యంతో. ఆ ఆలస్యాలు మిర్రర్ల (రిపాజిటరీ నకలు సర్వర్ల) మీద అందరూ ఒకేసారి పడకుండా పెట్టినవి.

రాత్రి 3 గంటలకి ఇన్‌స్టాల్ కావాలంటే "సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ ఆప్ట్-డైలీ-అప్‌గ్రేడ్.టైమర్" తెరిచి, టైమర్ సెక్షన్ కింద ముందు "ఆన్‌క్యాలెండర్=" అని ఖాళీగా ఒక లైన్, దాని కింద "ఆన్‌క్యాలెండర్=3:00" అని ఇంకో లైన్ రాయాలి. ఆ ఖాళీ లైన్ లేకపోతే పాత 6 గంటలు చెరిగిపోవు, రోజుకి రెండుసార్లు నడుస్తుంది. తోడుగా "రాండమైజ్డ్‌డిలేసెక్"ని కూడా మీకు తగినట్టు తగ్గించుకోండి. జాబితా తెచ్చే టైమర్‌ని కూడా 2 గంటలకి జరపండి. అలా జరపకపోతే 3 గంటలకి ఇన్‌స్టాల్ అయ్యేది ఎప్పుడో తెచ్చిన జాబితా ప్రకారం, ప్యాచ్ ఒక రోజు దాకా ఆలస్యంగా రావచ్చు.

"పర్సిస్టెంట్=ట్రూ" అని ఉండటం వల్ల ఆ సమయానికి మెషీన్ ఆఫ్‌లో ఉంటే, ఆన్ అయ్యాక ఆ పని మొదలవుతుంది. ల్యాప్‌టాప్‌లకి ఇది వరం, కొత్త వర్చువల్ మెషీన్లకి తలనొప్పి. మొదటి బూట్‌లో ఈ టైమర్, మీ సెటప్ స్క్రిప్ట్ రెండూ డీపీకేజీ లాక్ (ఒకేసారి ఒకరే ఇన్‌స్టాల్ చేసేలా ఆపే తాళం) కోసం పోటీ పడతాయి, "లాక్ దొరకలేదు" అంటూ స్క్రిప్ట్ చచ్చిపోతుంది. దానికి మందు స్క్రిప్ట్‌లో "ఆప్ట్-గెట్ -ఓ డీపీకేజీ::లాక్::టైమ్‌అవుట్=300" అని ఇవ్వడం. అప్పుడు 5 నిమిషాలు ఆగి చూస్తుంది. చాలామంది చేసేది ఇంకొకటి: టైమర్‌ని మాస్క్ చేసేసి (అసలు మొదలు కాకుండా కట్టేసి) ముందుకెళ్లిపోతారు. దాన్ని అన్‌మాస్క్ చేయడం ఎవరికీ గుర్తుండదు. ఆ ఇమేజ్ (మెషీన్ మూస) నుంచి పుట్టిన ప్రతి మెషీన్‌కీ ఇక అప్‌డేట్లు రావు. ఏ సర్వర్‌లోకి కొత్తగా అడుగుపెట్టినా "సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్" కొట్టి ఈ రెండు పేర్లూ ఉన్నాయో లేదో చూడడం అలవాటు చేసుకోండి.

లాగ్‌లో ఒకే ఒక్క లైన్

మీరు /ఈటీసీలో ఎన్‌జిన్‌ఎక్స్.కాన్ఫ్‌ని (వెబ్ సర్వర్ సెట్టింగుల ఫైల్‌ని) మార్చుకున్నారనుకోండి. కొత్త ప్యాకేజీలో కూడా అదే ఫైల్ మారింది. చేత్తో ఆప్ట్ నడిపితే ఏది ఉంచమంటారని అడుగుతుంది. అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్‌కి అడిగే వీల్లేదు. అందుకని ముందే ప్యాకేజీని విప్పి చూసి, ప్రశ్న వస్తుందని తేలితే ఆ ప్యాకేజీని వదిలేస్తుంది. /వార్/లాగ్/అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ కింద ఉండే లాగ్‌లో, ఈ ప్యాకేజీకి కాన్ఫ్‌ఫైల్ ప్రాంప్ట్ ఉంది, చేత్తో అప్‌గ్రేడ్ చేయాలి అని ఇంగ్లీషులో ఒక లైన్ పడుతుంది. మర్నాడు మళ్లీ అదే లైన్. ఎన్ని నెలలైనా అంతే. మిగతా ప్యాకేజీలన్నీ అప్‌డేట్ అవుతూనే ఉంటాయి కాబట్టి అనుమానమే రాదు.

ఆప్ట్ సెట్టింగుల్లో డీపీకేజీ ఆప్షన్లుగా "--ఫోర్స్-కాన్ఫ్‌డెఫ్", "--ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్" ఇస్తే ఈ అడ్డు తొలగుతుంది: మీరు మార్చిన ఫైల్ అలాగే ఉంటుంది, కొత్తది పక్కన ".డీపీకేజీ-డిస్ట్" పేరుతో పడుతుంది. నా మాటగా అయితే ఇదే పెట్టుకోండి. పాత కాన్ఫిగ్ కొత్త వెర్షన్‌కి పొసగకపోతే సర్వీస్ లేవకపోవచ్చు, కానీ స్టేబుల్ రిలీజ్ లోపల అది అరుదు, పైగా సర్వీస్ పడితే కనిపిస్తుంది. ప్యాచ్ పడకపోతే కనిపించదు.

రీబూట్, రీస్టార్ట్

డిస్క్ మీద కొత్త ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్) లైబ్రరీ పడినంత మాత్రాన నడుస్తున్న ప్రోగ్రామ్‌లు దాన్ని వాడవు. అవి మెమరీలోకి తెచ్చుకున్న పాత లైబ్రరీతోనే నడుస్తాయి, ఆ ఫైల్ డిస్క్ నుంచి చెరిగిపోయినా సరే. /ప్రాక్ కింద ఆ ప్రాసెస్ "మ్యాప్స్" ఫైల్‌లో లైబ్రరీ పేరు పక్కన డిలీటెడ్ అని కనిపిస్తే అదే సంగతి. "నీడ్‌రీస్టార్ట్" ప్యాకేజీ ఈ వెతుకులాట చేసి పెడుతుంది. దాని కాన్ఫిగ్‌లో రీస్టార్ట్ విలువ "ఏ" అంటే తనే రీస్టార్ట్ చేస్తుంది, "ఎల్" అంటే జాబితా మాత్రం ఇస్తుంది, "ఐ" అంటే అడుగుతుంది. ఆటోమేటిక్‌గా నడిచే చోట "ఐ"తో ప్రయోజనం లేదు. "ఏ" పెట్టి, డేటాబేస్ లాంటివాటిని ఆ ఫైల్‌లోనే మినహాయించండి.

కెర్నెల్ (సిస్టమ్‌కి గుండె లాంటి భాగం) మారితే రీబూట్ తప్పదు. కెర్నెల్ పడ్డాక /రన్ కింద "రీబూట్-రిక్వైర్డ్" అనే ఖాళీ ఫైల్ పుడుతుంది. "ఆటోమేటిక్-రీబూట్" డిఫాల్ట్‌గా ఫాల్స్. ట్రూ చేస్తే అప్‌గ్రేడ్ అయిన వెంటనే రీబూట్ అవుతుంది, కాబట్టి "ఆటోమేటిక్-రీబూట్-టైమ్" కూడా ఇవ్వండి. ఇక్కడ గడియారం లెక్క చూసుకోవాలి. ఇన్‌స్టాల్ ఉదయం 6:30కి జరిగి, రీబూట్ టైమ్ 02:00 అని ఉంటే, ఆ రాత్రి 2 దాకా, అంటే పంతొమ్మిదిన్నర గంటలు, పాత కెర్నెల్ మీదే నడుస్తుంది. ఇన్‌స్టాల్ 3కి, రీబూట్ 4:30కి పెట్టుకుంటే ఆ ఎడం పోతుంది. ఈలోగా మనసు మారితే "షట్‌డౌన్ -సీ"తో రద్దు చేయొచ్చు. ఎవరైనా లాగిన్ అయి ఉన్నా రీబూట్ అయిపోతుంది, అది వద్దనుకుంటే "ఆటోమేటిక్-రీబూట్-విత్‌యూజర్స్"ని ఫాల్స్ చేయండి. కానీ ఎవరో టీమక్స్ (తెరిచి వదిలేయగల టెర్మినల్) సెషన్ వదిలేసి వెళ్తే ఇక రీబూట్ అనేదే ఉండదని గుర్తుంచుకోండి.

/బూట్ విడి పార్టిషన్‌గా, చిన్నదిగా ఉన్న పాత సర్వర్లలో కెర్నెల్ అప్‌డేట్లతో ఇంకో బెడద. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్‌కి కావలసిన ఫైళ్ల మూట) రాస్తుండగా స్థలం అయిపోతుంది, కెర్నెల్ ప్యాకేజీ సగం కాన్ఫిగర్ అయిన స్థితిలో ఉండిపోతుంది, ఆ తర్వాతి అప్‌డేట్లన్నీ దాని వెనకే ఇరుక్కుంటాయి. "రిమూవ్-అన్‌యూజ్డ్-కెర్నెల్-ప్యాకేజెస్" డిఫాల్ట్‌గా ట్రూనే, కానీ ఆప్ట్ ఆటోమేటిక్‌గా తెచ్చిన కెర్నెళ్లనే అది తీస్తుంది. మీరు చేత్తో పేరు పెట్టి ఇన్‌స్టాల్ చేసిన కెర్నెల్ జోలికి పోదు. వాటిని "ఆప్ట్-మార్క్ ఆటో"తో గుర్తు మార్చండి. ఇప్పటికే ఇరుక్కుని ఉంటే ముందు స్థలం ఖాళీ చేసి, తర్వాత "డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ".

వెనక్కి వెళ్లే దారి గురించి ఒక్క మాట: ఇన్‌స్టాల్ అయ్యాక డెబ్ ఫైళ్లని (దించిన ప్యాకేజీలని) ఈ సాధనం తుడిచేస్తుంది. పాత వెర్షన్ కోసం స్నాప్‌షాట్ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్ ఉంది. అక్కడికి నెట్ అందని మెషీన్లలో "కీప్-డెబ్స్-ఆఫ్టర్-ఇన్‌స్టాల్"ని ట్రూ చేసి పెట్టుకోండి.

వేరే సిస్టమ్‌లలో

రెడ్‌హ్యాట్ కుటుంబంలో దీనికి సమానం "డీఎన్‌ఎఫ్-ఆటోమేటిక్". టైమర్ ఆన్ చేసినా "అప్లై_అప్‌డేట్స్" డిఫాల్ట్‌గా నో కాబట్టి దించుకుని ఊరుకుంటుంది. "అప్‌గ్రేడ్_టైప్"ని సెక్యూరిటీ అని పెట్టేముందు మీ రిపాజిటరీలో ఆ సమాచారం అసలు ఉందో లేదో "డీఎన్‌ఎఫ్ అప్‌డేట్‌ఇన్ఫో"తో చూడండి. సెంట్‌ఓఎస్ రిపాజిటరీల్లో అది ఉండేది కాదు, ఆ సెట్టింగ్ పెట్టినవాళ్లకి ఏ అప్‌డేటూ పడేది కాదు, ఎర్రర్ కూడా వచ్చేది కాదు. ఫ్రీబీఎస్‌డీలో "ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ క్రాన్" గంట లోపు యాదృచ్ఛికంగా ఆగి, దించుకుని, రూట్‌కి మెయిల్ పెడుతుంది. ఇన్‌స్టాల్ మీరే చేయాలి. ఓపెన్‌బీఎస్‌డీలో 6.6 నుంచి ఉన్న "సిస్‌అప్‌గ్రేడ్" తర్వాతి రిలీజ్‌కే తీసుకెళ్తుంది, ప్యాచ్‌లకి "సిస్‌ప్యాచ్" వేరు. రెండూ అయ్యాక "పీకేజీ_యాడ్ -యూ" విడిగా నడపాలి, అది మరిచిపోతే బేస్ కొత్తది, ప్యాకేజీలు పాతవి.

ఆగిపోయిందని ఎలా తెలుస్తుంది

మెయిల్ పెట్టుకోవడం మొదటి మెట్టు. "మెయిల్" అన్న చోట చిరునామా, "మెయిల్‌రిపోర్ట్" అన్న చోట "ఓన్లీ-ఆన్-ఎర్రర్" లేదా "ఆన్-చేంజ్". మెషీన్‌లో మెయిల్ పంపే ప్రోగ్రామ్ లేకపోతే ఈ సెట్టింగ్ ఉన్నా లేనట్టే. "ఓన్లీ-ఆన్-ఎర్రర్" కంటే "ఆన్-చేంజ్" నయం, ఎందుకంటే నెలల తరబడి మెయిల్ రాకపోతే అదే ఒక సంకేతం.

అయినా మెయిల్ ఒక్కటే చాలదు. అసలు నడవని పని ఎర్రర్ మెయిల్ పంపదు. 2021 ఆగస్టులో బుల్స్‌ఐ విడుదలైనప్పుడు బస్టర్ రిపాజిటరీల సూట్ పేరు స్టేబుల్ నుంచి ఓల్డ్‌స్టేబుల్‌కి మారింది. చాలా బస్టర్ మెషీన్లలో ఆప్ట్-గెట్ "ఈ మార్పుని మీరు ఒప్పుకుంటేనే ముందుకెళ్తాను" అని ఆగిపోయింది. మనిషి "--అలౌ-రిలీజ్‌ఇన్ఫో-చేంజ్" ఇచ్చేదాకా కొత్త జాబితా రాదు. జాబితా కొత్తది కాదు కాబట్టి పెండింగ్‌లో ఏమీ కనిపించదు. "ఎన్ని అప్‌డేట్లు మిగిలాయి" అని మాత్రమే లెక్కపెట్టే మానిటరింగ్‌లో అది సున్నా, పచ్చ లైటు.

ఆప్ట్-గెట్ అప్‌డేట్ తిరిగిచ్చే ఎగ్జిట్ కోడ్‌ని కూడా నమ్మలేం. నెట్ అందక ఒక రిపాజిటరీ దిగకపోతే "పాతవే వాడుతున్నాను" అని హెచ్చరించి సున్నా తిరిగిస్తుంది. డెబియన్ 11 నుంచి "--ఎర్రర్-ఆన్=ఎనీ" ఇస్తే దాన్ని ఫెయిల్యూర్‌గానే చూపిస్తుంది. మానిటరింగ్ స్క్రిప్ట్‌లో అదే వాడండి.

నేను పెట్టమనే తనిఖీలు నాలుగు. /వార్/లిబ్/ఆప్ట్/పీరియాడిక్ కింద "అప్‌డేట్-స్టాంప్", "అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్-స్టాంప్" ఫైళ్ల వయసు 3 రోజులు దాటకూడదు. /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్‌లో ఉన్న సెక్యూరిటీ ఇన్‌రిలీజ్ (రిపాజిటరీ వివరాల) ఫైల్ లోపలి "వ్యాలిడ్-అంటిల్" తేదీ గడిచిపోయి ఉండకూడదు. మిర్రర్ పాతబడినా, ప్రాక్సీ పాత కాపీ ఇస్తున్నా ఇదే బయటపెడుతుంది. "డీపీకేజీ --ఆడిట్" ఏమీ ముద్రించకూడదు. "రీబూట్-రిక్వైర్డ్" ఫైల్ పుట్టి 7 రోజులు దాటకూడదు. పెండింగ్ ప్యాకేజీల లెక్క వీటి తర్వాతే, ఈ నాలుగూ బాగుంటేనే ఆ సంఖ్యకి అర్థం ఉంటుంది.

తనిఖీని నడిపేది ఆ మెషీనే అయితే అది ఆగినప్పుడు తనిఖీ కూడా ఆగుతుంది. వయసుల్ని బయటి మానిటరింగ్ సర్వర్‌కి పంపి, లెక్క అక్కడ చూడండి, విలువ రాకపోవడాన్ని కూడా అలారంగానే పెట్టండి. అన్నీ అమర్చాక ఒక టెస్ట్ మెషీన్‌లో ఆ రెండు టైమర్లనీ ఆపి వదిలేయండి. నాలుగో రోజుకి అలారం రాకపోతే సరిచేయాల్సింది మానిటరింగ్‌నే.